రేడియో అయోడిన్ తీసుకున్న మనిషి ఇంటికొస్తే: పక్కనున్నవాళ్ళకు తగిలేది ఎంత?

కర్నూలు పాతబస్తీ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయన భార్యకు థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక హైదరాబాద్‌లో 100 మిల్లీక్యూరీల (మందులోని రేడియోధార్మికతకు కొలత) రేడియో అయోడిన్ ఇచ్చారు. మూడు రాత్రులు విడి గదిలో ఉంచి ఇంటికి పంపించారు. భార్యాభర్తలిద్దరూ పక్కపక్క సీట్లలో ఐదు గంటలు బస్సులో వచ్చారు. ఇంట్లో ఐదేళ్ళ పాప ఉంది, ఐదో నెల గర్భంతో తమ్ముడి భార్య ఉంది, తల్లిదండ్రులు ఉన్నారు. ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడు లెక్క వేసి, "మామయ్యా, నీకు 61 మిల్లీసీవర్టులు తగులుతుంది" అన్నాడట. (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత సీవర్టు; వెయ్యి మైక్రోసీవర్టులైతే ఒక మిల్లీసీవర్టు.) ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె మిద్దె మీది గదిలో ఒంటరిగా ఉంటోంది. అన్నం కంచం గడప దగ్గర పెట్టి వచ్చేస్తున్నారు. పాప మూడో రోజున ఎవరూ చూడకుండా పైకెళ్ళి తల్లిని కావలించుకుని పావుగంట కూర్చుందని ఇంట్లో పెద్ద గొడవ అయింది. ఇంటికొచ్చి ఈరోజుకు పది రోజులు. "నిజంగా మాకు ఎంత తగిలింది? ఇంకెన్నాళ్ళు ఇలా ఉండాలి?" అని అడుగుతున్నారు.

అయ్యా, ముందు ఆమెను కిందికి పిలుచుకు రండి. ఈ రాత్రి భోజనం అందరూ కలిసి చేయండి. ఎందుకు భయం లేదో, ఏ రెండు మూడు విషయాల్లో మాత్రం జాగ్రత్త తప్పదో తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. నేను చాలా కాలం న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో రేడియేషన్ భద్రతాధికారిగా పని చేశాను. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో వేలూరుకో వెళ్ళి ఈ మందు తీసుకుని వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఇదే కథ మళ్ళీ మళ్ళీ విన్నాను. "పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి" అని చీటీ మీద ఒక్క వాక్యం రాసి పంపిస్తారు. ఎంత దూరం, ఎన్ని రోజులు, ఎందుకు అన్నది చెప్పరు. అంకె లేని చోట భయం పెరుగుతుంది. ఆ భయాన్ని మోసేది ఎప్పుడూ జబ్బుతో ఉన్న మనిషే.

మీ మేనల్లుడి లెక్కతో మొదలుపెడతాను. ఆ అబ్బాయి గుణకారంలో పొరపాటు లేదు. 100 మిల్లీక్యూరీల అయోడిన్-131 (మీ ఆవిడకిచ్చిన రేడియో అయోడిన్ ఇదే) ఒక సీసాలో ఉంటే, మీటరు దూరంలో గంటకు సుమారు 220 మైక్రోసీవర్టులు వస్తుంది. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 8 రోజులు. ఆ సీసా ఎదురుగా మీటరు దూరంలో రాత్రింబవళ్ళు కదలకుండా, అది పూర్తిగా చల్లారేదాకా కూర్చున్న మనిషికి మొత్తం 61 మిల్లీసీవర్టులు తగులుతుంది. కానీ మీ ఇంటికి వచ్చింది సీసా కాదు. ఆపరేషన్‌లో థైరాయిడ్ గ్రంథి తీసేసిన మనిషికి ఈ మందు ఇస్తే, మిగిలిపోయిన కొద్దిపాటి గ్రంథి కణాలు కొంత పట్టుకుంటాయి. తక్కినదంతా మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. అందులో ఎక్కువ భాగం పోయేది మొదటి రెండు రోజుల్లోనే, ఆసుపత్రి మరుగుదొడ్డిలోనే. అందుకే ఆ మూడు రాత్రులు విడి గదిలో ఉంచారు. ఒంట్లో ఉన్న మందు ఒకవైపు తనంతట తాను చల్లారుతుంది, మరోవైపు మూత్రంలో పోతుంది. రెండూ కలిపి చూస్తే సగానికి తగ్గే కాలం 8 రోజులు కాదు, గంటల్లోకి వస్తుంది. దీన్ని ప్రభావ అర్ధాయువు అంటాం. మనిషికి లెక్క వేసేటప్పుడు వాడవలసింది దీన్నే.

అది ఎంతో ఊహించే పని లేకుండా మీ డిశ్చార్జి చీటీలోనే ఉంది. మీరు పంపిన వివరాల్లో రెండు రీడింగులున్నాయి. మీటరు దూరంలో సర్వే మీటరు, అంటే రేడియేషన్ కొలిచే పరికరం, పెట్టి చూసినవి. బయలుదేరే ముందు రోజు ఉదయం గంటకు 43 మైక్రోసీవర్టులు, బయలుదేరిన ఉదయం 18. ఇరవై నాలుగు గంటల్లో 43 నుంచి 18కి పడిందంటే ప్రభావ అర్ధాయువు సుమారు 19 గంటలు. చాలామంది చీటీల్లో ఒక్క రీడింగు కూడా ఉండదు. మీకు రెండు రాసి ఇచ్చిన ఆ టెక్నీషియన్‌కు నేను మనసులో దండం పెట్టుకున్నాను. ఈ చికిత్సకు వెళ్ళే ఎవరైనా సరే, బయటికొచ్చే ముందు "మీటరు దూరంలో నిన్నటి రీడింగు, ఈరోజు రీడింగు రాసివ్వండి" అని అడిగి తీసుకోండి. కొలిచేది ఎలాగూ కొలుస్తారు, రాసివ్వడానికి అర నిమిషం పడుతుంది.

మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన నియమం ప్రకారం ఒంట్లో 30 మిల్లీక్యూరీల లోపు మిగిలి, మీటరు దూరంలో రీడింగు గంటకు 50 మైక్రోసీవర్టులు దాటకుండా ఉంటే ఇంటికి పంపవచ్చు. మీ ఆవిడది 18. పరిధికి చాలా లోపల ఉంది.

ఇక మీకు తగిలింది చూద్దాం. బస్సుతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. పక్క సీటంటే ఇద్దరి మధ్య అర మీటరు. దూరం సగమైతే తీవ్రత నాలుగు రెట్లు. 18ని నాలుగుతో గుణిస్తే గంటకు 72, ఐదు గంటలకు 360 మైక్రోసీవర్టులు, అంటే 0.36 మిల్లీసీవర్టు. నిజానికి ఇంతకన్నా తక్కువే ఉంటుంది. మందు ఒక్క చోట చుక్కలా లేదు, ఒళ్ళంతా పరుచుకుని ఉంది. అంత దగ్గరలో నాలుగు రెట్ల సూత్రం కొంత ఎక్కువగానే చూపిస్తుంది. నేను కావాలనే ఎక్కువ వైపు లెక్క వేస్తున్నాను. ముందు సీటులో ఉన్నవారికి, సీటు, మధ్యలో మనుషులు ఆపేది వదిలేసినా, 0.14 మిల్లీసీవర్టు. నడవ అవతల మీటరు దూరంలో ఉన్నవారికి 0.09. ఐదు మీటర్ల దూరంలో ఉన్న డ్రైవరుకు 4 మైక్రోసీవర్టులు కూడా లేదు.

ఆమెను కిటికీ వైపు కూర్చోబెట్టి నడవ వైపు మీరు కూర్చున్నారని రాశారు. చాలా మంచి పని చేశారు. తెలిసి, ఇష్టపడి రోగికి తోడుగా ఉండే మనిషికి ఒక చికిత్సకు 5 మిల్లీసీవర్టుల దాకా అనుమతిస్తారు. ఏమీ తెలియని సాటి ప్రయాణికుడికి ఏడాది మొత్తానికి 1 మిల్లీసీవర్టే పరిమితి. ఇదే బస్సు, ఇదే సీటు, కానీ రీడింగు 18కి బదులు 50 ఉండి, పక్కన ముక్కూమొగం తెలియని మనిషి ఉంటే ఐదు గంటల్లో ఆ ఏడాది పరిమితి మొత్తం అయిపోయేది. అలాంటప్పుడు నియమం ప్రకారం డిశ్చార్జి సరైనదే, ప్రయాణం మాత్రం సరైనది కాదు. ఆసుపత్రులవాళ్ళు "మీ ఊరు ఎంత దూరం? ఎలా వెళ్తారు?" అని అడగకుండా పంపడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. నగరంలోనే ఇల్లున్నవారికీ, కర్నూలుకో అనంతపురానికో బస్సెక్కవలసినవారికీ ఒకే చీటీ ఇస్తే ఎలా? స్తోమత ఉంటే కారు మాట్లాడుకుని రోగిని వెనక సీటులో ఎడమ చివర కూర్చోబెట్టండి. డ్రైవరుకు మీటరున్నర దూరం వస్తుంది, ఐదు గంటలకు 40 మైక్రోసీవర్టులు. అది వీలుకాకపోతే ఇంకొక్క రాత్రి ఆసుపత్రిలో ఉంచమని అడగండి. మీ ఆవిడ మరో రోజు ఆగి ఉంటే రీడింగు 9కి పడేది, బస్సులో మీకు తగిలేది సగమయ్యేది.

ఇంటికొచ్చాక సంగతి. ఇక్కడ సూత్రం చాలా సులభం. మొదటి రీడింగును 1.44తో, దాన్ని ప్రభావ అర్ధాయువు గంటలతో గుణిస్తే, మీటరు దూరంలో ఎప్పటికీ ఉండిపోయిన మనిషికి తగిలే మొత్తం వస్తుంది. 19 గంటలు వేస్తే సుమారు అర మిల్లీసీవర్టు. కానీ నేను 19తో ఆగను. ఒంట్లో తిరిగే అయోడిన్ త్వరగా పోతుంది గానీ మెడలో మిగిలిన గ్రంథి కణాలు పట్టుకున్నది వారం పైగా నిలుస్తుంది. రెండు రీడింగుల్లో ఆ నెమ్మది భాగం దాక్కుని ఉంటుంది. అందుకని 18లో నాలుగో వంతు, అంటే 4.5, మెడలో ఉందనీ, అది సగానికి తగ్గడానికి 7.3 రోజులు పడుతుందనీ అనుకున్నాను. మిగతా 13.5 పదహారు గంటలకు సగమవుతుంది. ఈ రెండూ విడివిడిగా లెక్కగట్టి కూడితే 1.45 మిల్లీసీవర్టులు. చూడండి, అందులో నాలుగింట మూడు వంతులు ఆ చిన్న 4.5 నుంచే వచ్చింది. అంకె చిన్నదైనా ఎక్కువ రోజులు నిలబడితే దాని వాటా పెద్దదవుతుంది.

ఎవరూ రాత్రింబవళ్ళు మీటరు దూరంలో కూర్చోరు. రోజులో నాలుగో వంతు, అంటే ఆరు గంటలు, అంత దగ్గరగా గడిపితే 0.36 మిల్లీసీవర్టు. బస్సులో ఐదు గంటలకు వచ్చిందీ ఇంతే! మీరు ఇంట్లో ఆమెకు దగ్గరగా ఉండి, రోజూ ఆరు గంటల చొప్పున ఆ మందు పూర్తిగా చల్లారేదాకా మాట్లాడుకుంటూ కూర్చున్నా, ఆ ఒక్క ప్రయాణంలో తగిలినదాన్ని మించదు. పది రోజులుగా ఆమెను మిద్దె మీద ఉంచి మీరు తప్పించుకున్నది ఇంతకంటే తక్కువ.

మన చుట్టూ ఉన్న నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు తగులుతూనే ఉంటుంది. రోజుకు ఆరున్నర మైక్రోసీవర్టులన్నమాట. బస్సు, ఇల్లు, నోటి ద్వారా లోపలికి పోయే అవకాశం అన్నీ కలిపినా మీకు వచ్చేది 0.8 మిల్లీసీవర్టు. నాలుగు నెలల సహజ రేడియేషన్. మీకు అనుమతించిన ఐదుతో పోల్చుకోండి.

పాప విషయంలో మాత్రం నేను ఇంత తేలిగ్గా మాట్లాడను. మూడో రోజు పావుగంట తల్లి ఒడిలో కూర్చున్నందుకు వచ్చింది సుమారు 11 మైక్రోసీవర్టులు. రెండు రోజుల సహజ రేడియేషన్ కంటే తక్కువ. దానికి పాపను కోప్పడి ఉంటే ఇప్పుడు దగ్గరికి తీసుకోండి. కానీ పక్కలో పడుకోవడం వేరు. ఇంటికొచ్చిన మొదటి రాత్రే తల్లిని అతుక్కుని ఎనిమిది గంటలు నిద్రపోయి ఉంటే, నా ఎక్కువ వైపు లెక్కలో 1.1 మిల్లీసీవర్టు వచ్చేది. పిల్లలకు పెట్టుకున్న హద్దు 1. ఒక్క రాత్రిలో దాటిపోయేది. అదే గదిలో రెండు మీటర్ల దూరంలో వేరే మంచం మీద పడుకుంటే 26 మైక్రోసీవర్టులు. నలభై రెట్ల తేడా! కూర్చుని మాట్లాడుకున్న నిమిషాలు లెక్కలో కనబడవు, పక్కలో గడిచిన రాత్రులే కనబడతాయి. మీ పాప నానమ్మ దగ్గర పడుకుంటోందని రాశారు, అది అలాగే సాగనివ్వండి. ఇంటికొచ్చిన రోజు నుంచి మూడు వారాలు, అంటే ఇంకో పదకొండు రోజులు. ఆ తర్వాత రోజూ తల్లి పక్కలోనే పడుకున్నా అప్పటి నుంచి మొత్తం కలిపి 0.6 మిల్లీసీవర్టుకు మించదు. ఈలోగా పగలు కాసేపు ఒడిలో కూర్చోవచ్చు. ఈరోజు పది నిమిషాలు కూర్చుంటే 3 మైక్రోసీవర్టులు.

ఇక ఎంగిలి. బయటి నుంచి తగిలే కిరణాల గురించే అందరూ భయపడతారు గానీ, చిన్నపిల్లల ఇంట్లో నేను ఎక్కువగా పట్టించుకునేది దీన్నే. అయోడిన్ మూత్రంలోనే కాదు, లాలాజలంలో, చెమటలో కూడా కొద్దికొద్దిగా వస్తుంది. మన ఇళ్ళల్లో తల్లి తాను తింటున్న కంచంలోంచే బిడ్డకు ముద్ద పెడుతుంది. రాగి సంగటి వేడి మీద ఉండగానే చేత్తో ముద్దలు చేసి అందరి కంచాల్లో వేస్తుంది. లెక్క కోసం, డిశ్చార్జి నాటికి ఒంట్లో ఉన్న సుమారు 10 మిల్లీక్యూరీల్లో లక్షో వంతు ఇంకొకరి కడుపులోకి పోయిందనుకుందాం. పెద్దవాళ్ళకైతే దానివల్ల 0.08 మిల్లీసీవర్టు. ఐదేళ్ళ పాపకు 0.36. అదే అయోడిన్‌కు పిల్లల చిన్న థైరాయిడ్‌లో పడే దెబ్బ అన్ని రెట్లు ఎక్కువ. అందుకే మొదటి వారం, పది రోజులు వేరే కంచం, వేరే గ్లాసు, వేరే తువ్వాలు. తల్లి చేత్తో కలిపి పెట్టడం, ముద్దు పెట్టడం వద్దు. స్టీలు కంచం మామూలుగా తోమి కడిగితే చాలు, తర్వాత ఎవరైనా వాడుకోవచ్చు. పారేయవలసిన పని లేదు. బట్టలు మొదట్లో విడిగా ఉతకాలి. మరుగుదొడ్డిలో రెండుసార్లు ధారాళంగా నీళ్ళు పోయాలి. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో ఇది కష్టమని నాకు తెలుసు. ఆమె వచ్చే రోజుకు ముందుగానే ఒక డ్రమ్ము నింపి పక్కన పెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. నాపరాళ్ళు పరిచిన నేలైతే బండల సందుల్లో నిలవకుండా కడగాలి. మీకు పది రోజులు గడిచాయి, ఇప్పుడు చేతులు శుభ్రంగా కడుక్కుని ఆమె వంట చేయవచ్చు.

మీ మరదలి సంగతి: పై గదికీ కింది గదికీ మూడు మీటర్ల దూరమనుకున్నా, మధ్యలో స్లాబు లేనట్టే లెక్క వేసినా, రాత్రింబవళ్ళు ఆ గది కిందే ఎప్పటికీ ఉండిపోయినా 0.16 మిల్లీసీవర్టు. కడుపులో బిడ్డకు హద్దు 1. ఆమెకు కిరణాల వల్ల చిక్కు లేదు. అయితే పది పన్నెండు వారాలు దాటిన పిండానికి థైరాయిడ్ పనిచేయడం మొదలుపెడుతుంది, తల్లి రక్తంలో ఉన్న అయోడిన్‌ను పట్టుకుంటుంది. కనుక ఆమె మీ ఆవిడ బట్టలు ఉతకకూడదు, ఎంగిలి గిన్నెలు తోమకూడదు, వీలైతే ఈ మూడు వారాలు మరుగుదొడ్డి వేరుగా వాడుకోవాలి. ఎవరో ఎక్స్‌రే గదిలో వేసుకునే సీసపు ఏప్రాన్ తెచ్చిస్తామన్నారని రాశారు. వద్దు. అయోడిన్ గామా కిరణాల శక్తి 364 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అర మిల్లీమీటరు సీసం అందులో పదో వంతును ఆపితే గొప్ప. గర్భిణికి ఆ బరువు మోయించడం తప్ప ఉపయోగం లేదు. రెండడుగులు దూరం జరగడం దానికంటే ఎంతో మేలు.

ఇరుగుపొరుగు ప్రహరీ మీదుగా మాట్లాడడం మానేశారన్నారు. ఇంటికొచ్చిన మొదటి రోజునే మూడు మీటర్ల దూరం నుంచి అరగంట మాట్లాడినా వాళ్ళకు వచ్చేది 1 మైక్రోసీవర్టు. కిరణాలు తగిలిన మనిషి రేడియోధార్మికం కాడు, ఇంకొకరికి అంటించడు. "తుమ్మలపల్లె లాంటిదే కదా ఇది" అని కూడా ఎవరో అన్నారట. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నప్పటి నుంచి రేడియేషన్ అన్న మాటకు మన ప్రాంతంలో ఒకటే బొమ్మ కళ్ళ ముందు కదులుతోంది. గని సంగతి వేరు, దాని మీద అడగవలసిన ప్రశ్నలు వేరు. మీ ఆవిడ ఒంట్లో ఉన్నది వారాల్లో తనంతట తాను మాయమయ్యే మందు.

ఇదే చదివే ఇంకొందరి కోసం ఒక మాట. క్యాన్సర్ కాకుండా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బుకు కూడా ఈ మందే ఇస్తారు. 10, 15 మిల్లీక్యూరీలు ఇచ్చి అదే రోజు ఇంటికి పంపేస్తారు. "మాది చిన్న డోసు, ఏం కాదు" అనుకుంటారు. అక్కడ గ్రంథి మొత్తం ఉంటుంది, ఆత్రంగా పట్టుకుని ఉంచేస్తుంది; సగానికి తగ్గడానికి ఐదు రోజులు పైన పడుతుంది. సర్వే మీటరు అదే 18 చూపించినా ఆ ఇంట్లోవాళ్ళకు మొత్తం మీద తగిలేది మీ ఇంట్లోకన్నా రెట్టింపుకు పైనే. పాపను పక్కలో పడుకోబెట్టుకోకూడదన్న నియమం వాళ్ళకే ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పాలు తాగే బిడ్డ ఉంటే చికిత్సకు చాలా ముందే డాక్టరుకు చెప్పి పాలు మాన్పించాలి, తర్వాత ఆ బిడ్డకు మళ్ళీ ఇవ్వకూడదు. ఎముకల స్కానుకు ఇచ్చే టెక్నీషియం అన్న మరో రేడియోధార్మిక మందు మాత్రం ఆరు గంటలకు సగమైపోతుంది, మర్నాటికి దాని గురించి ఆలోచించే పని ఉండదు.

ఆరు నెలలో ఏడాదో పోయాక మీ ఆవిడను స్కానుకు మళ్ళీ రమ్మంటారు. అప్పుడిచ్చేది సాధారణంగా 2 నుంచి 5 మిల్లీక్యూరీలు. ఐదే ఇచ్చినా మొదటి గంటలో మీటరు దూరంలో రీడింగు 10 చుట్టూ ఉంటుంది, మర్నాటికి సగానికి పైగా పోతుంది. అప్పుడు కూడా కిటికీ సీటు ఆమెకు, నడవ సీటు మీకు. పాపను వెంట తీసుకెళ్ళకండి, తిరిగొచ్చాక రెండు మూడు రాత్రులు నానమ్మ దగ్గరే పడుకోనివ్వండి. ఈ చికిత్స తర్వాత కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోమని డాక్టరు చెప్పి ఉంటారు, చెప్పకపోతే అడిగి తెలుసుకోండి. మీ మేనల్లుడికి ఈ రెండు రీడింగులూ, మెడలో నాలుగో వంతు ఉందన్న నా అంచనా కూడా ఇచ్చి లెక్క మళ్ళీ వేయమనండి. 1.45 దగ్గరికి వస్తే పెద్దవాళ్ళ ముందు కూర్చోబెట్టి అతని నోటితోనే చెప్పించండి, నా మాట కంటే వాళ్ళు అతని మాట వింటారు.